మొదటి అంతస్తులో నాకేమీ అర్థం కాదు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం మా పాప ఒంట్లో రక్తం ఏడు గ్రాముల కిందికి జారిపోవడం. ఆ తర్వాతి భయం, ఎవరైనా నన్ను "అర్థమైందా?" అని అడగడం. మొదటిది మోక్షితకు ఎనిమిదో నెల వచ్చినప్పటి నుంచి ఉంది. రెండోది లెక్కల మాస్టారు పెట్టిన భయం. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు గనక అది అంతటితో వదిలిందనుకున్నాను. ఈ రెండు భయాలూ ఒకే భవనంలో కాపురం పెడతాయని ఎప్పుడూ అనుకోలేదు.

మోక్షితకు తలసేమియా. ఇప్పుడు ఆరేళ్లు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించకపోతే పెదవులు పాలిపోతాయి, ఆట మానేసి గోడకు ఆనుకుని పక్కపిల్లల ఆట చూస్తూ కూర్చుంటుంది. అందుకని జిల్లా కేంద్రంలో కొత్తగా కట్టిన జన్యు వ్యాధుల కేంద్రానికి చుట్టాలింటికి వెళ్లినట్టు వెళుతుంటాం. కింద రక్తం ఎక్కించే వార్డు. రెండో అంతస్తులో కొత్త చికిత్సల విభాగం. మధ్యనున్న మొదటి అంతస్తంతా ప్రజావగాహన విభాగం. రోగులు కిందా, డాక్టర్లు పైనా ఉంటారు గనక ఆ మధ్య అంతస్తు ఎప్పుడు చూసినా ప్రశాంతంగా ఉండేది.

ఆ ప్రశాంతతను ఒక సర్క్యులర్ చెడగొట్టింది. వంశపారంపర్య వ్యాధుల గురించీ, వాటి కొత్త చికిత్సల గురించీ జనానికిచ్చే ప్రతి కాగితం సామాన్యులకు అర్థమయ్యేలా ఉండాలట. అచ్చుకు పంపేముందు దాన్ని ఒక సామాన్య వ్యక్తి మీద పరీక్షించి, ధ్రువపత్రం జతచేయాలట. మంచి ఉత్తర్వే. చిక్కల్లా మొదటి అంతస్తులో సామాన్యులెవరూ లేకపోవడమే. పేపర్లో ప్రకటన ఇస్తే వచ్చినవాళ్లందరూ ఎమ్మెస్సీలే. ఒకాయన బంగారు పతకం కూడా తెచ్చాడట.

దాంతో ఆ విభాగం ఉపసంచాలకులు మార్తాండం గారు స్వయంగా కింద వార్డుకు దిగారు. పిల్లల చేతులకు సూదులు గుచ్చి ఉన్నాయి, తల్లులం మంచాల పక్కన స్టూళ్ల మీద ఉన్నాం. ఆయన అట్ట పట్టుకుని ఒక్కొక్కరినీ, "జన్యువు అనగానేమి?" అని అడుగుతూ వచ్చారు.

నా పక్కావిడ, "అమ్మానాన్నల నుంచి పిల్లలకొచ్చే గుణాల రాత అండి" అంది. ఆయన మొహం వాడిపోయింది. ఆవిడ పేరు కొట్టేశారు.

నా వంతు వచ్చింది. "అది ఇక్కడిస్తారాండీ, బయట మందులషాపులో తెచ్చుకోవాలాండీ?" అన్నాను.

మార్తాండం గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, నన్ను మళ్లీ చూశారు. "ఎంతవరకు చదివావమ్మా?"

"తొమ్మిదిలో సగం అండి."

"సగం," అంటూ పాయసం రుచి చూసినట్టు ఆ మాటను చప్పరించారు. "అమ్మా, నీ అవగాహనారాహిత్యం ఈ సంస్థకు ఎంతో అవసరం. ప్రతిరోజూ వచ్చి, మేము చూపిన కాగితం చదివి, అర్థమైందో లేదో చెప్పడమే నీ విధి."

నేను తటపటాయించాను. అప్పుడాయన అసలు మాట అన్నారు. "సిబ్బంది పిల్లలకు రక్తం తేదీ తప్పదు."

అంతకుముందు నెల మా పాపకు రక్తం తొమ్మిది రోజులు ఆలస్యమైంది. నేను అక్కడే సంతకం పెట్టేశాను.

మా ఆయన ఈశ్వర్రావు జూట్ మిల్లులో పనిచేస్తాడు. నా మెడలో కార్డు చూసి చదివాడు: అధికారిక సామాన్య వ్యక్తి, నంబరు ఒకటి.

"తొమ్మిది మానీసినందుకు ఉద్యోగం ఇచ్చినారా? ముందే తెలిస్తే నాను ఐదుతోనే ఆగిపోదును గదే!"

మా అత్త గురమ్మ బియ్యం చెరుగుతూ, "ఊరుకోరా. దానికేటీ తెల్దని నాను పెళ్లినాడే సెప్పినాను. గవుర్మెంటోళ్లకి ఇన్నాళ్లకి తెలిసింది" అంది.

వాళ్లు ఎన్నయినా అనుకోనివ్వండి, నాకు గర్వంగానే ఉండేది. కూరల బండి దగ్గరికి కూడా ఆ కార్డు వేసుకునే వెళ్లేదాన్ని. బండి అబ్బాయి అది చూసి నన్ను మేడమ్ అన్నాడు. ఆ వేళ వంకాయలు బేరమాడలేదు.

పద్నాలుగో గదిలో నాకో కుర్చీ, తల మీద ఫ్యాను. ఎదురుగా నలుగురు నిపుణులు. మొదటి పుస్తకం ఇరవై నాలుగు పేజీలు, అందులో బఠాణీ మొక్కలు. పొడుగువి, పొట్టివి, పచ్చవి, పసుప్పచ్చవి.

"సందేహమేమైనా ఉన్నదా?" అని మార్తాండం గారు అడిగారు.

"పాపకి బఠాణీలు పెట్టకూడదాండీ?"

నలుగురూ ఒకేసారి రాసుకున్నారు. వారం తిరిగేసరికి పుస్తకంలో బఠాణీలు లేవు. జన్యువు ఇంటి ప్లాను వంటిదని రాశారు. మాది అద్దిల్లు, ఓనరుకు చెప్పాలా అని అడిగాను. ప్లాను పోయింది. ఆ తర్వాత, కొత్త చికిత్సలో జన్యు కత్తెరతో తప్పును సరిచేస్తారని రాశారు. నేను దర్జీపని చేసేదాన్ని గనక కత్తెర అనగానే ఉత్సాహం వచ్చింది. "ఆ కత్తెర లోపలే మర్చిపోతే ఎవరిని అడగాలండీ?" అన్నాను. దాని మీద మూడు గంటల సమావేశం జరిగింది. కత్తెర అన్నచోట మృదువైన పరికరం అని దిద్దారు. ఎంత మృదువు అని అడిగాను. అదీ తీసేశారు.

నాకు సందేహం పుట్టించిన ప్రతి మాటా అలా పోతూ వచ్చింది. నాలుగో నెలకు ఇరవై నాలుగు పేజీలు ఒక్క కాగితానికి దిగాయి. అందులో డైరెక్టరు గారి నవ్వుతున్న ఫోటో, కింద "మీ కోసం మేమున్నాం" అన్న మాటా మిగిలాయి.

"ఏమైనా సందేహం?"

వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు. "లేదండి" అన్నాను. గదిలో చప్పట్లు మోగాయి. మార్తాండం గారు కళ్లు తుడుచుకున్నారు. "ప్రజావగాహన చరిత్రలో ఇది ఒక మైలురాయి" అన్నారు. నలభై వేల ప్రతులు అచ్చేశారు. నలభై వేల ఇళ్లకు ఏమీ తెలియకుండా చేసిన ఘనత నాది. ఆ కాగితం అడుగున నా సంతకం కూడా ఉంది, కొంచెం వంకరగా.

అయితే నాలుగు నెలల పాటు నలుగురు చదువుకున్నవాళ్లు నా ఎదుటే పోట్లాడుకుంటుంటే మాటలు చెవిలో పడకుండా ఉంటాయా? ఒక ఆదివారం మధ్యాహ్నం ఎదురింటావిడ జాకెట్టు కత్తిరిద్దామని పాత పేపరు కొలత కాగితాలు పరిచాను. ఒకటి వాళ్ల అమ్మ కొలతది, ఒకటి ఆవిడది. అమ్మది చంక దగ్గర తప్పు కోసి ఉంది. ఫర్వాలేదు, రెండోది పెట్టుకుని కోయొచ్చు అనుకున్నాను. అక్కడే చెయ్యి ఆగిపోయింది.

మనిషి ఒంట్లో కూడా ఏ పనికి ఆ పనికి రెండేసి కొలత కాగితాలుంటాయి. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. నాలో రక్తం తయారుచేసే కాగితాల్లో ఒకటి తప్పు కోత. రెండోది బాగుంది గనక నాకేమీ తెలియలేదు. ఈశ్వర్రావుకీ అంతే. పాపకు మేం చెరో కాగితం ఇచ్చాం. నా మంచిది, ఆయన మంచిది. నా మంచిది, ఆయన తప్పుది. నా తప్పుది, ఆయన మంచిది. నా తప్పుది, ఆయన తప్పుది. నాలుగు రకాలుగా పడొచ్చు. మాకు నాలుగోది పడింది.

అంతే. నేను కడుపుతో ఉండగా తిన్న బొప్పాయి ముక్క వల్ల కాదు. గ్రహణం నాడు సూదిలో దారం ఎక్కించినందుకు కాదు. ఇన్నేళ్లుగా మా అత్త మా పుట్టింటి రక్తాన్ని అంటున్న మాటలూ నిజం కావు. కత్తెర పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఏడుపు ఆగాక అసలు సంగతి తట్టింది. నాకు అర్థమైపోయింది. ఇక ఉద్యోగం పోయినట్టే, పాప తేదీ పోయినట్టే.

సోమవారం వార్డులో సిస్టర్ ఫిలోమినాకు చెప్పాను. "సిస్టర్, నాకు అర్థమైపోయిందండి."

"ఏమర్థమైంది?"

కొలత కాగితాల సంగతి చెప్పాను. ఆవిడ అటూ ఇటూ చూసి నన్ను మందుల బీరువా వెనక్కి లాగింది. "ఎవరితోనైనా అన్నావా?"

"లేదండి."

"అనకు. పాప తేదీ జారిపోద్ది. మొహం అలా వెలిగిపోతోందేంటి? మామూలుగా పెట్టు."

ఆ రోజు నుంచి ఇంట్లో అద్దం ముందు అర్థం కాని మొహం సాధన చేశాను. నోరు కొంచెం తెరిచి, కనుబొమ్మలు దగ్గరికి తెచ్చి, చూపు గోడ మీద పెట్టాలి. ఈశ్వర్రావు చూసి, "ఏటే, పన్ను సలుపుతుందా?" అన్నాడు. నిజమైన అజ్ఞానం ఎంత సులువో, దాన్ని నటించడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది. అయినా నటించాను. నిజం చెప్పాలంటే కొంత పాప కోసం, కొంత ఆ ఫ్యాను కోసం.

అంతలో రెండో అంతస్తు నుంచి కబురొచ్చింది. డాక్టర్ సుచరిత గారు నన్ను కూర్చోబెట్టి, కొత్త చికిత్సకు పన్నెండు మంది పిల్లలను తీసుకుంటున్నారనీ, పరీక్షలకు మోక్షిత పేరు ఎంపికైందనీ చెప్పారు. పాప ఒంట్లోంచే రక్తం తయారుచేసే కణాలను తీసి, వాటిలోని తప్పును బయట దిద్ది, తిరిగి ఎక్కిస్తారు. దానికి ముందు పాతవాటిని ఖాళీ చేయడానికి గట్టి మందు ఇస్తారు. జుట్టు రాలుతుంది. ఆరు వారాలు మూసిన గదిలో ఉండాలి. ప్రమాదం లేదనలేరు. బాగా పనిచేస్తే మూడు వారాల తిరుగుడు ఉండకపోవచ్చు. పనిచేస్తుందని మాట ఇవ్వలేరు.

నేను నోరు తెరిచి పెట్టడం మర్చిపోయాను. దిద్దేటప్పుడు పక్కనున్న వేరే పని కాగితం కోసుకుపోతే ఎలా? పాప పెద్దయ్యాక తన పిల్లలకు ఇచ్చేది దిద్దినదా, పాతదా? వరసగా అడిగాను.

"పిల్లలకు వెళ్లేది పాతదే. మేం దిద్దేది రక్తంలో మాత్రమే. భలే అడుగుతున్నావమ్మా" అన్నారు డాక్టరు గారు. "శనివారంతో జాబితా ముగుస్తుంది. నీకు అర్థమైందని రాసుకుని, సంతకం తీసుకుంటే సరి." కంప్యూటర్లో నా పేరు కొట్టి, ఆగిపోయారు. తెర నావైపు తిప్పారు.

"సదరు సత్యవేణికి జన్యు సంబంధిత విషయములు అర్థం కావని ఈ కేంద్రము ధ్రువీకరించడమైనది. ధ్రువీకరణ నాలుగుసార్లు పొడిగించబడినది."

అర్థం కాని తల్లి సంతకం చెల్లదు. సమావేశం పెట్టారు.

డైరెక్టరు గారు పరిపాలన వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. "ఆవిడకు అర్థం కాకపోతే పిల్లకు చికిత్స లేదు. అంతేనా?" అన్నారు.

"ఆవిడకు అర్థమైతే నలభై వేల కరపత్రాలకు విలువ లేదు సార్," అన్నారు మార్తాండం గారు. "అర్థం చేసుకోగల వ్యక్తి మీద జరిపిన పరీక్ష నిబంధనల రీత్యా చెల్లదు. గురువారం ఆవిష్కరణ. షామియానాకు కూడా చెప్పేశాం."

గంటన్నర ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. సాయంత్రానికి ఉత్తర్వు నా చేతికొచ్చింది.

"శ్రీమతి సత్యవేణికి రెండవ అంతస్తునందు ఉదయం పది నుండి పన్నెండు వరకు అర్థమగును. మొదటి అంతస్తునందు యథాపూర్వకముగా అర్థము కాకుండును. మెట్లపై గడుపు కాలమును సెలవుగా పరిగణించవలెను."

నేను చట్టానికి లోబడే మనిషిని. రెండు రోజులు అలాగే చేశాను. పైకి ఎక్కేటప్పుడు పదో మెట్టు మీద నోరు మూసేదాన్ని, దిగేటప్పుడు అదే మెట్టు మీద తెరిచేదాన్ని. మూడోనాడు పైన చికిత్సలకు అనుమతిచ్చే నీతి సంఘంవారు అభ్యంతరం చెప్పారు. పన్నెండు దాటాక ఉండని అవగాహన అవగాహన కాదన్నారు. శుక్రవారం అందరి ముందూ అడుగుతాం, అర్థమైందో లేదో ఒక్కసారే తేలిపోవాలన్నారు.

గురువారం షామియానా కింద డైరెక్టరు గారి ఫోటోను డైరెక్టరు గారే ఆవిష్కరించారు. నేను పక్కన నిలబడి ఏమీ అర్థం కాకుండా చప్పట్లు కొట్టాను.

సాయంత్రం సిస్టర్ ఫిలోమినా దగ్గర కూర్చున్నాను. "అర్థం కాలేదంటే తేదీ ఖాయం. అర్థమైందంటే తేదీ పోద్ది, పైన చికిత్స దొరుకుతుందో లేదో పరీక్షలయ్యేదాకా తెలియదు. ఏం చెయ్యమంటారండీ?"

ఆవిడ సూదిమందు సీసా వెలుగులో పెట్టి చూస్తూ, "నేను చెప్పలేను తల్లీ. చెప్పి, అది తప్పయితే నేను బతకలేను" అంది.

శుక్రవారం మోక్షితను చంకనెత్తుకునే వెళ్లాను. అత్త ఊరెళ్లింది, ఇంట్లో పాపను చూసుకునే మనిషి లేదు. గది నిండా కుర్చీలు. మార్తాండం గారు నాకు మేలు చేద్దామనే అనుకున్నారు పాపం, అతి సులువైన ప్రశ్న వేశారు. తెలియదు అంటే చాలు.

"అమ్మా, ఈ వ్యాధి నీ బిడ్డకు ఎవరి వల్ల సంక్రమించినది?"

నోరు తెరిచాను. కనుబొమ్మలు దగ్గరికి తెచ్చాను. చూపు గోడ మీద పెట్టాను. చంకలో పిల్ల నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. దానికీ ఆ జవాబు కావాలి. ఇంట్లో ఆ ప్రశ్న మా అత్త అడుగుతుంటే ఎన్నిసార్లు విందో!

"ఎవరి తప్పూ కాదండి," అన్నాను.

"తెలియదు అని కదా నీ ఉద్దేశం?" అని మార్తాండం గారు అందించబోయారు.

"తెలుసండి. కత్తెర ఉందాండీ?"

ఎవరో అట్టలు కోసే కత్తెర ఇచ్చారు. కొలత కాగితానికి పేపరు కావాలి. బల్ల మీద ఉన్నవి ఆవిష్కరించిన కరపత్రాలే. నాలుగు తీసుకున్నాను. రెండు సరిగ్గా కోశాను, రెండు తప్పుగా కోశాను. తప్పువాటిలో కోత డైరెక్టరు గారి చెవి మీదుగా పోయింది. ఒక మంచిది, ఒక తప్పుది నా ముందు పెట్టుకున్నాను. మిగతా రెండూ ఈశ్వర్రావువి అన్నాను. నాలుగు రకాలుగా జత కలిపి చూపించాను. తర్వాత తప్పుదాన్ని ఎలా దిద్దుతారో, దిద్దింది పెట్టేముందు పాతవాటిని ఎందుకు ఖాళీ చేయాలో, ఆ ఖాళీ రోజుల్లో పిల్లకు చిన్న జలుబు కూడా ఎందుకు ప్రమాదమో, అన్నీ చెప్పాను. లెక్కల మాస్టారు వెనక బెంచీలో ఉన్నట్టే ఉంది.

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి బల్ల మీదికి వంగారు. తన నాలుగు మొహాలనూ అటూ ఇటూ జరిపారు. "మరి ఒకరిదే తప్పుదైతే? ఇంకొకరివి రెండూ మంచివైతే?"

"ఈ జబ్బు రాదండి. పెళ్లికి ముందో, కడుపు పండిన కొత్తలోనో ఇద్దరూ రక్తం చూపించుకుంటే తెలిసిపోద్ది."

"ఓహో! ఇదా!" అన్నారు ఆయన. పదకొండేళ్ల పరిపాలనానుభవం ఉన్న మనిషి మొహం చిన్నపిల్లాడి మొహంలా విచ్చుకుంది. మరుక్షణం మార్తాండం గారిని చూసి సర్దుకున్నారు. "ఇది మినిట్సులో రాయకండి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "విధి నిర్వహణలో ఉండగా, ముందస్తు అనుమతి లేకుండా అర్థం చేసుకున్న కారణమున, అధికారిక సామాన్య వ్యక్తి నంబరు ఒకటిని తక్షణమే తొలగించడమైనది."

ఆ కాగితం పట్టుకుని రెండో అంతస్తుకు పరిగెత్తాను. డాక్టర్ సుచరిత గారు రెండుసార్లు చదివి, గట్టిగా నవ్వి, దాని మీద ముద్ర కొట్టి ఫైలులో పెట్టారు. నాకు అర్థమైందనడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏ సంఘమూ అడగదన్నారు. శనివారం జాబితాలో మోక్షిత పేరు పదోది. తర్వాత రెండు నెలల్లో పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఆ రెండు నెలలూ రక్తం కోసం మామూలు వరసలోనే నిలబడ్డాం. ఒకసారి ఎనిమిది రోజులు ఆలస్యమైంది. ఆ ఎనిమిది రోజులూ నన్ను నేను తిట్టుకోని పూట లేదు.

నిన్న కార్డు అప్పగించడానికి పద్నాలుగో గదికి వెళ్లాను. నా కుర్చీలో ఇంకొకావిడ ఉంది. తవిటమ్మ. కొండ కింది పల్లె, బడి మొహమే చూడలేదు. నా వల్ల వాళ్లకు బుద్ధొచ్చింది. ఇప్పుడు ఆవిడ ముందు నిపుణులు మాట్లాడుకోరు, సైగలు చేసుకుంటారు. ఆవిడ చెవుల్లో దూది పెట్టారు. వార్డులో తల్లులు ఒకరికొకరు చెప్పుకుంటారని కిందికి దిగనివ్వడం లేదు. సిబ్బంది పిల్లలకిచ్చే తేదీ ఈవిడకు ఆర్నెల్లు నమ్మకంగా పనిచేశాకే. నాతో ఎక్కువ మాట్లాడిందని సిస్టర్ ఫిలోమినాను వేరే ఊరు మార్చేశారు.

తవిటమ్మ కూతురు గంగ. నాలుగేళ్లుంటాయి. మా పాప జబ్బే. గది బయట బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

తవిటమ్మ చెవిలో దూది తీసి, "పాపకి రక్తం ఎప్పుడెక్కించారు?" అని అడిగాను.

"తెల్దమ్మా," అంది తవిటమ్మ. ఆ మాట అంటుంటే మొహంలో ఎంత గర్వమో! నాకు తెలిసిన గర్వమే. "తెలుసుకోకూడదన్నారు. ఆళ్లే సూసుకుంతారంట."

"నువ్వు అడగొద్దా?"

"అడిగితే ఉజ్జోగం తీసెత్తారు గదమ్మా. పిల్లకొచ్చే తేదీ పోద్ది."

చెప్పబోయాను. మార్తాండం గారు వచ్చి నా భుజం మీదుగా ఆ దూది మళ్లీ పెట్టేశారు. "అమ్మా, దయచేసి వ్యవస్థను కలుషితం చేయవద్దు" అన్నారు, చాలా మర్యాదగా.

సోమవారం మేం పట్నం పెద్దాసుపత్రికి వెళుతున్నాం, ఆ మూసిన గదులు అక్కడే ఉన్నాయి. ఆరు వారాలు మూసిన గదిలో, పాపతో నేనూ. బయటికి రావడానికి లేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీరెవరైనా ఆ కేంద్రం వైపు వెళితే మొదటి అంతస్తు ఎక్కండి. పద్నాలుగో గది గుమ్మానికి ఎడమ పక్క బెంచీ మీద పసుపు గౌను పిల్ల ఉంటుంది. వాళ్లమ్మకు ఏమీ వివరించకండి, ఆవిడ కష్టపడి తెచ్చుకున్న కుర్చీ పోతుంది. పిల్ల పక్కన కూర్చుని కింది కనురెప్ప మెల్లగా లాగి చూడండి. లోపల ఎర్రగా ఉంటే సరే. తెల్లగా ఉంటే ఎవరినీ అడక్కండి, ఏ అంతస్తులోనూ ఆగకండి. ఎత్తుకుని కింద వార్డుకు తీసుకుపోండి. పేరు గంగ. ఒక్కసారి చూసి రండి.